చందా వసూలైంది, ఇక మూడేళ్లు ఎలా?

ప్రశ్న: మాది కడప జిల్లా. పెళ్లైనప్పటి నుంచి బెంగళూరు రామ్మూర్తినగర్‌లో ఉంటున్నాం. మా వీధి చివర రేకుల ఇంట్లో ఒక అవ్వ, ఆమె మనవడు, మనవరాలు ఉంటారు. వాళ్లది మదనపల్లె వైపు. పిల్లల నాన్న బిల్డింగు పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఆ తర్వాత ఏడాదికి వాళ్లమ్మ కామెర్లతో ఆసుపత్రిలో చేరి మళ్లీ ఇంటికి రాలేదు. అవ్వ మా అపార్ట్‌మెంట్లో నాలుగిళ్లలో పనిచేసి పిల్లల్ని సాకుతోంది. పిల్లాడికి తొమ్మిదేళ్లు, చెల్లికి ఆరు. పోయిన నెల పిల్లాడికి జ్వరం విడవలేదు, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు వచ్చాయి. కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రిలో బ్లడ్ క్యాన్సర్, అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా అన్నారు. వీధిలో తెలుగువాళ్లం వాట్సాప్‌లో పెడితే 1,80,000 రూపాయలు నా ఫోన్‌పేకి వచ్చాయి. ఇప్పుడు మేనమామ ఊరి నుంచి వచ్చి ఆ డబ్బు తనకిమ్మంటున్నాడు. కొందరు పిల్లాడి వీడియో తీసి పెడితే ఇంకా వస్తాయంటున్నారు. ఒక పెద్దాయన నాటు మందు ఇప్పిద్దామంటున్నాడు. చెల్లిని హాస్టల్లో వేద్దామని మరికొందరు. మొన్న వార్డులో పిల్లాడు, "అక్కా, నేను గూడా అమ్మ మాదిరే ఇంటికి రాకుండా పోతానా?" అని అడిగాడు. నాకు ఏడుపు ఆగక బయటికి వచ్చేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

సమాధానం:

అమ్మా,

డబ్బు సంగతి, మేనమామ సంగతి మాట్లాడదాం. ముందు పిల్లాడు అడిగినదానికి జవాబు బాకీ ఉంది. మీకు ఏడుపు రావడంలో తప్పేమీ లేదు. కానీ వాడు ఆ ఏడుపునే జవాబుగా తీసుకుని ఉంటాడు. వాళ్లమ్మ ఆసుపత్రి గుమ్మం దాటి లోపలికి వెళ్లడం చూశాడు, బయటికి రావడం చూడలేదు. వాడికి సూదికంటే ఆ గుమ్మమే ఎక్కువ భయం.

రేపే వెళ్లండి. ఆ మాట మీరే మళ్లీ ఎత్తండి. మరచిపోయి ఉంటాడులే అనుకోవద్దు, పిల్లలు అలాంటివి మరచిపోరు, మనల్ని బాధపెట్టకూడదని మళ్లీ అడగరు, అంతే. "మొన్న నువ్వొకటి అడిగావు. నాకు ఏడుపొచ్చి చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తాను" అని మొదలుపెట్టండి. అమ్మకు వచ్చిన జబ్బు వేరు, నీకు వచ్చింది వేరు అని మొట్టమొదట చెప్పండి. జబ్బు పేరు కూడా చెప్పండి. దాచినా లాభం లేదు, పక్క మంచం వాళ్ల నోట క్యాన్సర్ అనే మాట రోజుకు పదిసార్లు వింటాడు. ఎముకల లోపలి మూలుగలో రక్తం తయారవుతుందని, అక్కడ కొన్ని చెడ్డ కణాలు పెరిగిపోయి మంచి రక్తానికి చోటు లేకుండా చేశాయని, మందులు వాటిని చంపుతాయని చెబితే తొమ్మిదేళ్ల వాడికి బాగా అర్థమవుతుంది. "నేను చచ్చిపోతానా" అని సూటిగా అడిగితే "ఛ, ఏం మాటలవి" అని నోరు మూయించొద్దు. "ఇది పెద్ద జబ్బే. దీనికి మంచి మందులున్నాయి. ఇదే జబ్బు వచ్చి నయమై బడికి పోతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. నీకూ నయం కావాలనే డాక్టర్లు, మేమూ ఇంత కష్టపడుతున్నాం" అనండి.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనబడేది ఈ రకమే, మందులకు బాగా లొంగేవాటిలోనూ ఇదొకటి. మంచి వసతులున్నచోట, చికిత్స ఆగకుండా సాగితే, పదిమందిలో ఎనిమిదిమందికి పైగా పిల్లలు బతికి బట్టకడుతున్నారు. మన దేశంలో ఈ లెక్క ఇంకా తక్కువగా ఉండటానికి రెండు పెద్ద కారణాలున్నాయి: చికిత్స మధ్యలో మానేయడం, ఇన్‌ఫెక్షన్లకు సమయానికి మందు పడకపోవడం. ఈ రెండూ ఆపడంలో మీలాంటి ఇరుగుపొరుగు చేయగలిగింది చాలా ఉంది. నా జవాబు మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

పిల్లాడితో ఇంకో రెండు మాటలు, వాడు అడక్కపోయినా చెప్పండి. ఈ జబ్బు నువ్వు చేసిన ఏ తప్పు వల్లా రాలేదు. ఇది ఎవరికీ అంటుకోదు, చెల్లి నీ పక్కన పడుకున్నా అంటుకోదు. దొంగతనంగా లడ్డు తిన్నందుకు, చెల్లిని కొట్టినందుకు జబ్బు వచ్చిందని లోపల్లోపల నమ్మే పిల్లలుంటారు. అమ్మానాన్న ఇద్దరినీ పోగొట్టుకున్న పిల్లాడు అలా నమ్మడం మరీ సులువు. "మీ అమ్మ పైనుంచి నిన్నే చూస్తోంది, నీకోసం ఎదురుచూస్తోంది" లాంటి ఓదార్పులు వాడి దగ్గర ఎవరినీ అననివ్వకండి. పెద్దవాళ్లకు తియ్యగా వినిపించే ఆ మాట వాడికి పిలుపులా వినిపిస్తుంది. నడుములో సూది వేసే రోజు నొప్పుండదని చెప్పొద్దు. "కొంచెం నొప్పుంటుంది, నేను నీ చెయ్యి పట్టుకుంటాను, మత్తు ఇస్తారేమో డాక్టర్ని అడుగుతాను" అనండి. ఒక్కసారి అబద్ధం దొరికిపోతే ఆ తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా నమ్మడు.

మీకొక జాగ్రత్త చెప్పాలి. ఉద్వేగంలో "ఇకనుంచి నేనే నీకు అమ్మని" అనకండి. ఇద్దరు వదిలి వెళ్లిపోయిన పిల్లాడికి మూడో మనిషి ఇచ్చే మాట చిన్నదిగా ఉండాలి, తప్పకుండా నిలబడాలి. "మంగళవారం సాయంత్రం వస్తాను" అని చెప్పి మంగళవారం సాయంత్రం వెళ్లండి. వెళ్లలేకపోతే ఫోన్ చేసి వాడితోనే చెప్పండి, అవ్వతో కాదు.

ఇప్పుడు కాలం లెక్క. వీధిలో అందరికీ ఈ సంగతి ఒకసారి కూర్చోబెట్టి చెప్పండి, ఎందుకంటే మీ గ్రూపులో చాలామంది ఇది నెల రెండు నెలల వ్యవహారం అనుకుంటున్నట్టున్నారు. ఈ జబ్బుకు మొత్తం చికిత్స రెండున్నర నుంచి మూడేళ్లు. మొదటి నెల, నెలన్నర ఇండక్షన్ అంటారు. ఆ తర్వాత ఆరు నుంచి ఎనిమిది నెలలు గట్టి మందులు. ఆపైన ఏడాదిన్నర, రెండేళ్లు మెయింటెనెన్స్, అంటే ఇంట్లో ఉండి మాత్రలు మింగుతూ ఆసుపత్రికి వెళ్లివచ్చే కాలం. ప్రమాదం ఎక్కడుందో చూడండి. మొదటి నెల అయ్యేసరికి ఎక్కువమంది పిల్లల్లో పరీక్షల్లో జబ్బు కనబడదు. రెమిషన్ వచ్చిందంటారు. పిల్లాడు లేచి ఆడుకుంటాడు, ముఖంలో కళ వస్తుంది. అప్పుడే ఎవరో ఒకరు "నయమైపోయింది కదా, ఇంకా ఈ విషపు మందులెందుకు, ఊరికి తీసుకుపోదాం" అంటారు. అవ్వ కూడా అలిసిపోయి ఉంటుంది, ఇళ్లల్లో పని పోయి ఉంటుంది, ఆమెకూ ఆ మాట సబబుగానే తోస్తుంది. ఆ దశలో ఆపేస్తే కంటికి కనబడకుండా మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయి, తిరగబెట్టిన జబ్బు మొదటిసారంత తేలిగ్గా లొంగదు. మేనమామకు, అవ్వకు ఈ విషయం డాక్టరు నోటితోనే, తెలుగులో, ఇప్పుడే చెప్పించండి. కిద్వాయ్‌లో తెలుగు అర్థమయ్యే డాక్టర్లు, సిస్టర్లు దొరుకుతారు. అనువాదానికి మీలో కన్నడ బాగా వచ్చిన ఒకరు పక్కన నిలబడితే సరి.

డబ్బుకూ ఇదే లెక్క. మొదటి వారంలో వచ్చిన లక్షా ఎనభై వేలు చూసి ధైర్యం వస్తుంది, నిజమే. కానీ చందాలు జాలి వేడి మీద వస్తాయి, ఆర్నెల్లకు ఆ వేడి చల్లారుతుంది, ఖర్చు మాత్రం చల్లారదు. ఇప్పుడే ఇరవై ఇళ్లవాళ్లను అడిగి నెలకు 500 చొప్పున మూడేళ్లు ఇస్తామని మాట తీసుకోండి. నెలకు 10,000 అవుతుంది. ఇచ్చేవాళ్లకు భారం ఉండదు, అవ్వ ఇంటద్దెకు, తిండికి, ఆటో ఖర్చులకు అదే ఆధారం. ఒకేసారి ఐదువేలు ఇచ్చి తప్పుకునేవాళ్లకంటే ఈ ఐదువందల వాళ్లే ఈ పిల్లాడికి ఎక్కువ అక్కరకొస్తారు.

వచ్చిన సొమ్మును మీ సొంత ఖాతాలో ఉంచుకోకండి. మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. రేపు ఎవరైనా ఒక మాట అంటే మీరు మనసు విరిగి తప్పుకుంటారు, నష్టపోయేది పిల్లాడు. పైగా బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో మొత్తం 50,000 రూపాయలు దాటి ఒక మనిషి ఖాతాకు ఊరికే వచ్చిన సొమ్మును ఆదాయపు పన్ను చట్టం ఆదాయంగా చూస్తుంది. కాబట్టి ఎవరు ఎంత ఇచ్చారో, ఎందుకిచ్చారో తెలిసేలా వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంటు దాచిపెట్టండి. ముగ్గురి పేర్ల మీద, కనీసం ఇద్దరు సంతకం పెడితేనే డబ్బు తీసేలా ఒక జాయింట్ ఖాతా తెరవండి. ఆ ముగ్గురిలో ఒకరు లెక్కలు బాగా తెలిసినవాళ్లు ఉండాలి. నెల చివర ఒక కాగితం మీద వచ్చింది, పోయింది, మిగిలింది రాసి గ్రూపులో ఫొటో పెట్టండి. మందుల, పరీక్షల డబ్బు వీలైనంతవరకు పిల్లాడి ఆసుపత్రి నంబరు మీద నేరుగా కట్టి రసీదు తీసుకోండి. పన్ను మినహాయింపు రసీదు అడిగేవాళ్లకు మీరు ఇవ్వలేరు. ఆదాయపు పన్ను శాఖ గుర్తింపు ఉన్న ట్రస్టులకే ఆ వీలుంటుంది, ఆ మాట ముందే చెప్పేయండి.

మేనమామను దొంగగా చూడకండి. మన వైపు మేనమామ అంటే మాటలు కాదు, అక్క పిల్లలు తన బాధ్యతే అని ఊరంతా అనుకుంటుంది. ఎవరో అపార్ట్‌మెంటు వాళ్లు వచ్చి తన మేనల్లుడిని చూసుకుంటున్నారంటే ఆయనకు సిగ్గుగానూ ఉంటుంది, కోపంగానూ ఉంటుంది. డబ్బు చేతికివ్వడం మాత్రం వద్దు. దాని బదులు ఆయనకు ఒక పని, ఒక గౌరవం ఇవ్వండి. కాగితాల పని ఆయనే చేయగలడు, అది నిజంగా పెద్ద పని.

ఆ కాగితాల్లో మొదటిది రేషను కార్డు. పిల్లల పేర్లు బహుశా చనిపోయిన తల్లిదండ్రుల కార్డులోనే ఉండి ఉంటాయి. ఆ కార్డు కర్ణాటకదా, ఆంధ్రదా? కర్ణాటక బీపీఎల్ కార్డు అయితే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం ఉంది. ఆంధ్ర కార్డు అయితే ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తున్నది, 2019 నుంచి బెంగళూరులో కొన్ని ఆసుపత్రుల్లో కొన్ని జబ్బులకు వర్తిస్తోంది. పిల్లాడి జబ్బు, ఆసుపత్రి రెండూ అందులో ఉన్నాయో లేదో కౌంటరులో ఆరోగ్యమిత్రను అడగండి. ఏదైనా సరే పిల్లల పేర్లు అవ్వ కార్డులోకి ఎక్కాలి. దానికి తల్లిదండ్రుల మరణ ధ్రువపత్రాలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, ఆధార్ కావాలి. వీటికోసం మదనపల్లెకు తిరగాల్సిన మనిషి మేనమామ కాకపోతే ఇంకెవరు? కిద్వాయ్ వంటి ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రాల్లో పేద రోగులకు కేంద్ర ఆరోగ్య మంత్రి క్యాన్సర్ రోగుల నిధి అని మరొకటి ఉంది. దాని దరఖాస్తు గురించి అక్కడి మెడికల్ సోషల్ వర్కరును అడగండి. మందుల కౌంటరు చుట్టూ పదిసార్లు తిరగడంకంటే సోషల్ వర్కరుతో అరగంట కూర్చోవడం మేలు.

మిషన్ వాత్సల్య గురించి మీకెవరూ చెప్పి ఉండరు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్న పిల్లలకు ఆ పథకం కింద ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. నగరాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. జిల్లా బాలల రక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. పిల్లాడికే కాదు, చెల్లికి కూడా పెట్టండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి. అవ్వే చట్టప్రకారం సంరక్షకురాలని కాగితం లేక ఎక్కడైనా ఇబ్బంది వస్తే బాలల సంక్షేమ కమిటీ దగ్గరికి వెళ్లే దారి కూడా వాళ్లే చెబుతారు.

వాళ్ల నాన్న పనిలో పడి చనిపోయాడన్నారు. పరిహారం వచ్చిందా? ఎవరైనా అడిగారా? పనిచేస్తూ చనిపోయిన కార్మికుడి పిల్లలకు చట్టప్రకారం పరిహారం హక్కుంది. మామూలుగా రెండేళ్లలోపు అడగాలి, ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే అధికారి తరువాతైనా తీసుకోవచ్చు. ఇంట్లో వరుసగా రెండు చావులు, ముసలామె, చిన్నపిల్లలు: కారణం చెప్పడానికి వకీలు వెతుక్కోనక్కర్లేదు. ఆయన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకున్నాడేమో కూడా చూడండి. వకీలుకు డబ్బు అక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయసేవల ప్రాధికార సంస్థలో అడగాలి. చందా అడిగి తెచ్చుకునే రూపాయికీ, నాన్న కష్టం మీద పిల్లలకు హక్కుగా వచ్చే రూపాయికీ తేడా ఉంది. ఇది వదలకండి.

ఇక జ్వరం. ఇంటికి వచ్చాక అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది దీని విషయంలోనే. ఈ మందులు చెడ్డ కణాలతోపాటు ఒంట్లో కాపలా కాసే తెల్లకణాలనూ తగ్గిస్తాయి. ఆ సమయంలో 100.4 డిగ్రీల జ్వరం కనబడితే తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. రాత్రి రెండైనా ఆసుపత్రికి బయలుదేరాలి. థర్మామీటరు కొనిచ్చి అవ్వకు చూడటం నేర్పండి, లేదా పక్కింటి చదువుకునే పిల్లకు ఆ పని అప్పగించండి. డాక్టరుకు ఫోన్ చేయకుండా జ్వరం మాత్ర వేయొద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది. వీధి చివర క్లినిక్కులో సూది మందు అసలే వద్దు, ప్లేట్‌లెట్లు తక్కువున్న ఒంట్లో సూది గుచ్చినచోట రక్తం లోపలే గడ్డకడుతుంది. రామ్మూర్తినగర్ నుంచి హోసూరు రోడ్డు మీది కిద్వాయ్‌కి ట్రాఫిక్‌లో గంటకు పైనే పడుతుందని మీకు తెలుసు. అందుకని మొదటి నెలలు ఆ కుటుంబం ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలి. కిద్వాయ్ ఆవరణలోనే ధర్మశాల ఉంది, ముందుగా అక్కడ అడగండి. దొరక్కపోతే లక్కసంద్ర, విల్సన్ గార్డెన్ వైపు ఒక చిన్న గది అద్దెకు తీసుకోండి. మీ లక్షా ఎనభై వేలు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు కనబడటం లేదు. రాత్రి పూట ఫోన్ చేస్తే కారు తీసే ఇద్దరు మనుషుల నంబర్లు అవ్వ ఫోన్‌లో మొదట్లో పెట్టించండి.

ఇంటి తిండి వేడివేడిగా, కాచి చల్లార్చిన నీళ్లు. పచ్చి కూరగాయలు, బండి మీది చట్నీలు కొన్నాళ్లు మానాలి. జలుబున్నవాళ్లు చూడటానికి రావొద్దు, ఎంత ప్రేమ ఉన్నా సరే. వీధిలో ఎవరికైనా ఆటలమ్మ పోసి, పిల్లాడు వాళ్ల దగ్గరికి వెళ్లినట్టు తెలిస్తే, ఒంటి మీద ఏమీ లేకపోయినా ఆరోజే డాక్టరుకు చెప్పాలి. స్టెరాయిడ్లు వాడే రోజుల్లో వాడికి అర్ధరాత్రి ఆకలేస్తుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, ఊరికే కోపం వస్తుంది, అన్నం కంచం విసిరేస్తాడు. అది మందు గుణం. అవ్వకు ఈ మాట ముందే చెప్పకపోతే "ఇంత చేస్తుంటే వీడికి విశ్వాసం లేదు" అని మనసు కష్టపెట్టుకుంటుంది.

మెయింటెనెన్స్ రోజుల మాత్రల విషయంలో మరీ జాగ్రత్త. అవ్వకు చదువు రాదనుకుంటాను. మెర్‌క్యాప్టోప్యూరిన్ మాత్ర రోజూ వేయాలి. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే. రెండోదాన్ని పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాత్రలు వేరే డబ్బాలో, మీలో ఒకరి ఇంట్లో ఉంచి, వారంలో ఆ ఒక్క రోజు మీరే తీసుకెళ్లి ఇవ్వండి. రోజూ మాత్ర వేశాక అవ్వ క్యాలెండరులో ఆ రోజు మీద గీత గీస్తే చాలు. మాత్రలు తరచూ తప్పితే జబ్బు తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. అందుకే ఆదివారం ఆ క్యాలెండరు చూసే బాధ్యత ఒకరు తీసుకోవాలి.

రక్తం విషయంలో గ్రూపులో ఇప్పటికే ఉత్సాహం ఉంటుంది. అందరూ ఒకేరోజు వెళ్లి ఇచ్చేయకండి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు, కాబట్టి ఈరోజు ఇచ్చింది మూడు వారాల తర్వాత పనికిరాదు. బ్లడ్ గ్రూపులు రాసుకుని ఏ వారం ఎవరో వరస పెట్టుకోండి. యంత్రంతో ప్లేట్‌లెట్లు మాత్రమే ఇచ్చిన మనిషి 48 గంటల తర్వాత మళ్లీ ఇవ్వొచ్చు. మొత్తం రక్తం ఇచ్చిన మగవాళ్లు మూడు నెలలు, ఆడవాళ్లు నాలుగు నెలలు ఆగాలి. మేనమామ తన రక్తమే ఎక్కించమని పట్టుబట్టొచ్చు. దగ్గరి రక్తసంబంధీకుల రక్తంతో ఇలాంటి పిల్లలకు అరుదుగా ఒక ప్రమాదకరమైన ప్రతిచర్య వస్తుంది, అందుకే బ్లడ్ బ్యాంకు వాళ్లకు ఆ చుట్టరికం తప్పక చెప్పాలి.

నాటు మందు చెప్పిన పెద్దాయనను నలుగురిలో చిన్నబుచ్చకండి. ఆయన కూడా పిల్లాడు బతకాలనే అంటున్నాడు. మొక్కు మొక్కుకోవచ్చు, తాయెత్తు కట్టొచ్చు, జుట్టు ఎలాగూ రాలుతుంది కాబట్టి అవ్వ దాన్ని తిరుమల మొక్కుగా తలచుకుంటే ఆమెకు ధైర్యం. నోట్లోకి వెళ్లేది ఏదైనా సరే డాక్టరుకు తెలియకుండా వెళ్లకూడదు. పిల్లాడి మందులు ఇప్పటికే కాలేయం మీద భారం వేస్తాయి, దాని మీద పసరు పోస్తే ఏది దేనివల్ల జరిగిందో డాక్టరుకూ అంతుపట్టదు.

వీడియో వద్దు. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. బోడిగుండుతో, ముక్కుకు గొట్టంతో ఏడుస్తున్న పిల్లాడి ముఖం చూసి జనం డబ్బు వేస్తారు, అది నాకు తెలుసు. ఆ వీడియో వాడు పద్నాలుగేళ్ల వయసులో, నయమై, తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు తోటిపిల్లల ఫోన్లలో తిరుగుతుంది. వాడిని అడిగి తీశామంటారు, తొమ్మిదేళ్ల వాడు పెద్దవాళ్లకు కాదని ఎలా చెప్పగలడు? 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షను సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో బయటపెట్టడాన్ని నిషేధించింది, దానికి ఆర్నెల్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. పేరు లేకుండా, ముఖం లేకుండా, ఆసుపత్రి అంచనా పత్రంలో పేరూ నంబరూ కప్పి పెట్టినా ఇవ్వాలనుకునేవాళ్లు ఇస్తారు. ఇప్పటికే పంపిన ఫొటోలుంటే తీసేయమనండి.

చెల్లి సంగతి చెప్పాలి. హాస్టల్లో వేయడం వద్దమ్మా. ఆరేళ్లకే అమ్మ పోయింది, నాన్న పోయాడు, ఇప్పుడు అన్న ఆసుపత్రిలో ఉంటే తనను ఇల్లు దాటించారు. ఆ పిల్ల ఏమనుకుంటుంది? అన్నకు వచ్చిన బొమ్మలు, పళ్లు, పలకరింపులు తనకు లేవు, పైగా తనవల్లే అన్నకు జబ్బు చేసిందేమో అనే అనుమానం ఆరేళ్ల పిల్లలకు ఉంటుంది. మీ వీధిలో ఒకే ఒక్క ఇల్లు, రోజుకొక ఇల్లు కాదు, బడి తర్వాత ఆ పిల్లను చూసుకోవాలి. ఆ ఇంట్లో ఆమె పళ్లెం, ఆమె దుప్పటి ఉండాలి. డాక్టరు సరేనన్న రోజుల్లో అన్న దగ్గరికి తీసుకెళ్లండి, కుదరని రోజు వీడియో కాల్. ఆసుపత్రిలో పిల్లాడి దిగులు సగం చెల్లి గురించే అయి ఉంటుందని నా నమ్మకం. అమ్మ లేనింట్లో తొమ్మిదేళ్ల వాడే చెల్లికి పెద్దదిక్కు. "చెల్లి ఫలానా అత్త దగ్గర ఉంది, ఈరోజు ఇది తిన్నది" అని రోజూ చెప్పండి. మరో మాట, పిల్లాడికి మూలుగ మార్పిడి అవసరమని ఎప్పుడైనా అంటే చెల్లి మూలుగ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఈ రకం జబ్బున్న పిల్లల్లో ఎక్కువమందికి ఆ అవసరమే రాదు. ఇప్పటినుంచే "నీ అన్నను నువ్వే కాపాడాలి" అని ఆ పసిదాని నెత్తిన పెట్టకండి.

బడి గురించి ఇప్పుడు కంగారు వద్దు. టీచరమ్మకు చెప్పి తోటిపిల్లల చేత ఉత్తరాలు రాయించండి, మెయింటెనెన్స్‌లో వాడు చాలా రోజులు బడికి వెళ్లగలడు. నొప్పి ఎక్కువైతే పాలియేటివ్ విభాగం వాళ్లను పిలవమని అడగండి. వాళ్లు చివరి రోజులకే వస్తారని చాలామంది భయపడతారు, నొప్పి తగ్గించడం వాళ్ల రోజువారీ పని. ఊరికి రైల్లో వెళ్లిరావాల్సి వస్తే క్యాన్సర్ రోగికి స్లీపరులో, త్రీ టైర్ ఏసీలో పూర్తి రాయితీ, వెంట వచ్చే మనిషికి 75 శాతం ఉంది, ఆసుపత్రి నుంచి పత్రం తీసుకోవాలి.

అవ్వను మరచిపోవద్దు. కూతురిని, అల్లుడిని పోగొట్టుకుని ఏడవడానికి కూడా తీరిక దొరకని మనిషి. వారానికి రెండు రాత్రులు ఆమె స్థానంలో వార్డులో మరో ఆడమనిషి పడుకుంటే ఆమె ఇంటికెళ్లి స్నానం చేసి నిద్రపోతుంది. ఆమె పనిచేసే నాలుగిళ్ల వాళ్లను మీరే కలిసి, ఈ ఏడాది జీతం ఆపకుండా ఇవ్వగలరేమో, కనీసం పని వేరేవాళ్లకు శాశ్వతంగా ఇచ్చేయకుండా ఉంచగలరేమో అడగండి. మూడేళ్లూ నిలబడగలిగిన నలుగురైదుగురు చాలు. మిగతావాళ్లు నెల నెలా ఐదువందలు, అవసరమైన వారం రక్తం ఇస్తే సరిపోతుంది. వార్డులోకి రోజుకొక కొత్త ముఖం వెళ్లడంవల్ల పిల్లాడికి మేలు లేదు.

ఈ ఆదివారం మేనమామను, అవ్వను మీ ఇంటికి భోజనానికి పిలవండి. అన్నాలయ్యాక, ఇంతవరకు వచ్చిన డబ్బు లెక్క మొత్తం వాళ్ల ముందు పెట్టి, ఖాతా ఎవరి పేర్ల మీద తెరవాలో వాళ్లనే అడగండి. ముగ్గురిలో ఒక సంతకం అవ్వ వేలిముద్ర అయితే నాకు ఇంకా సంతోషం. సోమవారం మేనమామ మరణ ధ్రువపత్రాల కోసం బస్సెక్కితే, మీరు కిద్వాయ్‌లో సోషల్ వర్కరును కలవండి. మంగళవారం సాయంత్రం పిల్లాడి దగ్గరికి.